మాయల పుస్తకం ముందు, మహనీయుల పుస్తకం తర్వాత: పిలకాయలకు చదవడం అలవాటు చేసే పద్ధతి

ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో ఏ పుస్తకాల షాపులోనైనా ఒక అరగంట నిలబడి చూడండి. పిలకాయల్ని వెంటబెట్టుకుని వచ్చే అమ్మానాన్నలు అడిగేవి ఎక్కువగా రెండే. "నీతి ఉండే పుస్తకం ఏదైనా ఇవ్వండి" అని ఒకరు, "ఇంగ్లీషు బాగుపడేది ఇవ్వండి" అని ఇంకొకరు. ఈలోపల పిల్లోడు అట్ట మీద రాక్షసుడి బొమ్మ ఉన్న పుస్తకం పట్టుకుని రెండో పేజీలోకి వెళ్ళిపోయి ఉంటాడు. దాన్ని వాడి చేతిలోంచి తీసి అరలో పెట్టేసి, ఎవరో ఒక మహనీయుడి జీవిత చరిత్ర కొనిచ్చి తీసుకెళ్తారు. ఇంటికెళ్ళాక దాన్ని ఎవరూ ముట్టరు. "మావాడికి చదవడం అంటే ఇష్టం లేదండీ" అనే మాట మాత్రం మిగులుతుంది.

ఇష్టం లేక కాదు, వరుస తప్పింది. మాయల కథలో హీరో ఆపదలో పడితే మంత్రమో, మహిమ గల కత్తో కాపాడుతుంది. సాహస కథలో మంత్రం ఉండదు, సొంత తెలివి, ధైర్యం, పక్కన ఒక స్నేహితుడు, అంతే. జీవిత చరిత్రలో ఒక్కోసారి ఎవరూ కాపాడరు, మనిషి ఓడిపోతాడు, మళ్ళీ ఏళ్ళ తరబడి కష్టపడతాడు, ఆ కష్టం చాలావరకు విసుగ్గా కూడా ఉంటుంది. దాన్ని ఓపిగ్గా చదవాలంటే "తర్వాత ఏమైంది" అనే ఆత్రం ముందే అలవాటై ఉండాలి, ఆ ఆత్రం పుట్టేది మాయల కథల దగ్గరే. అందుకే ఆరేడేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా మాయలు, సాహసాలు, జీవితాలు అనే వరుసలో వెళ్ళమంటాను.

ముందు, ఎంతవరకు చదవగలరో చూడండి

మన దగ్గర చాలామందిది ఇంగ్లీష్ మీడియం. తెలుగులో గలగలా మాట్లాడే ఆరో తరగతి పిల్ల, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పుస్తకం వెనక "8-10 ఏళ్ళ వారికి" అని ఉన్నది పక్కన పెట్టండి. కొనబోయే పుస్తకంలో మధ్య పేజీ ఒకటి తీసి పైకి చదవమనండి, తప్పులు దిద్దకండి, వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. "చేసుకోలేకపోయాడు" లాంటి పొడుగు మాట వచ్చినప్పుడు మొదటి మూడక్షరాలు చదివి మిగతాది ఊహించి చెప్పేస్తే ఏం ఫరవాలేదు, ఊహించగలిగిందంటే కథ అర్థమవుతున్నట్టే. అలా కాకుండా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంటే, లేదా ఒక పేజీలో ఐదుకు మించి తెలియని మాటలు తగులుతుంటే, ఆ పుస్తకం తను చదవడానికి ఇప్పుడే వద్దు. మీరు చదివి వినిపించడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

అంటే ఇంట్లో రెండు రకాల పుస్తకాలు నడవాలి, తను చదివేవి, మీరు వినిపించేవి. తను చదివేవి పెద్ద అక్షరాలతో, పేజీకి నాలుగైదు వాక్యాలతో, బొమ్మలతో ఉండాలి. వీటికి 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం వరుస చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా, చదివే స్థాయిల వారీగా ఉంటాయి. పదేళ్ళ పిల్లకి ఆరేళ్ళ పుస్తకం ఇస్తే చిన్నతనంగా అనిపించొచ్చు. అప్పుడు "చెల్లికి చదివి వినిపించు" అని ఇవ్వండి, చెల్లి లేకపోతే పక్కింటి బుడ్డోడు ఉంటాడు కదా.

మాయల కథలు మీరు చదవండి, వాళ్ళు వినాలి

తెలుగులో ఇక్కడ మొదలుపెట్టాల్సింది చందమామతోనే, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. ఇప్పుడు రావడం లేదు గానీ పాత సంచికల స్కాన్లు నెట్లో దొరుకుతున్నాయి. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు విడి పుస్తకాలుగా కూడా వచ్చాయి: తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం, ఇంకా ఉన్నాయి. వాక్యాలు పొట్టివి. ప్రతి రెండు పేరాలకీ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. వర్ణనల కోసం కథ ఆగదు, అందుకే పైకి చదవడానికి అంత బాగుంటాయి.

ఎలా చదవాలంటే, రోజుకి పావుగంట, రాత్రి అన్నం తిన్నాక. గొంతులు మార్చాలని టెన్షన్ పడొద్దు, మామూలుగా చదివినా చాలు. ముఖ్యమైనది ఎక్కడ ఆపాలన్నదే. అధ్యాయం అయిపోయాక ఆపితే రేపటికి ఆకలి మిగలదు. నెలనెలా పాఠకుణ్ణి పట్టి ఉంచాల్సిన ధారావాహికలు కాబట్టి ప్రతి భాగం చివర ఎవరో ఒకరు గండంలో ఉంటారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి చిక్కుల్లో పడ్డ చోట పుస్తకం మూసేసి లేచి వెళ్ళిపోండి. "ఇంకొక్క పేజీ మా" అంటారు. ఇవ్వకండి. పుస్తకం మాత్రం వాళ్ళకి అందేంత ఎత్తులో పెట్టండి. మీరు వంటింట్లో ఉండగా కూడబలుక్కుంటూ తనే ఆ ఒక్క పేజీ చదివేస్తే మీరు గెలిచినట్టే.

బేతాళ కథలకు ఇంకో పద్ధతి ఉంది. బేతాళుడు కథ చెప్పి, చివర ప్రశ్న అడిగి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు కదా, సరిగ్గా అక్కడ ఆపి మీ పిల్లల్ని జవాబు చెప్పమనండి. విక్రమార్కుడి జవాబు వెంటనే చదవకండి, మరుసటి రోజు చదవండి. ఇద్దరు పిల్లలుంటే కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. రాజుగారి తీర్పు నచ్చలేదని ఏడేళ్ళ పిల్ల వాదిస్తుంటే దానికి మించిన చదువు ఆ వయసులో ఇంకేముంది? కథ అయ్యాక "దీని నీతి ఏమిటి" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే పిల్లలు కథ వినడం మానేసి, జవాబు వెతకడం మొదలుపెడతారు.

భయపడతారేమో అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. కొంచెం భయం వాళ్ళకి కావాలి, మీ పక్కన కూర్చుని భయపడటం కోసమే ఆ కథ అడుగుతారు. నిజంగా నిద్ర చెడితే రాత్రి మాని పగలు చదవండి. నాకు అంతకంటే పట్టింపు ఇంకోటి ఉంది. పాత కథల్లో రాజకుమారి పని చాలావరకు అపహరించబడటం, విడిపించబడటం, ఆఖర్న పెళ్ళి. ఇది ఆడపిల్లలు తొందరగానే పసిగడతారు. అప్పుడు పుస్తకాన్ని వెనకేసుకు రాకుండా, అదే కథలో రాజకుమారి తనే తప్పించుకుని వస్తే ఎలా ఉంటుందో చెప్పమని అడగండి. మగపిల్లల్ని కూడా అడగండి.

సాహస కథలకు ఒక మ్యాపు కావాలి

తొమ్మిది పదేళ్ళకి ఒక మార్పు వస్తుంది. "అట్లా నిజంగా జరగదు కదా" అనడం మొదలుపెడతారు. అదే గుర్తు, ఇప్పుడు మంత్రం లేని కథ ఇవ్వాలి.

నండూరి రామమోహనరావు తెలుగు చేసినవి మొదట తీసుకోండి: కాంచన ద్వీపం, టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజూ పేద. మూల రచనలు బ్రిటన్‌వి, అమెరికావి అయినా తెలుగు నడక హాయిగా ఉంటుంది. కాంచన ద్వీపం అసలు పుట్టిందే ఒక మ్యాపులోంచి. 1881లో దాని మూల రచయిత స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో కలిసి ఊరికే ఒక దీవి పటం గీసి రంగులేశాడు, ఆ పటంలోంచి కథ అల్లాడు. మీరూ అదే చేయండి. చదువుతున్నంత కాలం గోడకి ఒక పెద్ద చార్టు అంటించి, కథలో వచ్చిన చోటల్లా పిల్లల చేత గీయించండి, ఓడ ఎక్కడ ఆగింది, కోట ఎక్కడుంది, నిధి ఎటువైపు. జిమ్ అనే కుర్రాడు ఓడ మీద యాపిల్ పీపాలో కూర్చుని, దొంగలు పన్నే కుట్ర మొత్తం వినే ఘట్టం వచ్చినప్పుడు ఓడలో ఆ పీపా ఎక్కడుందో గీయమనండి. ఆ కొలతలు చూసుకోవడానికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతారు, మీరు చెప్పకుండానే.

తర్వాత మన మ్యాపు. శేషాచలం కొండలు కిటికీలోంచి కనపడే ఊళ్ళో ఉంటూ సాహసం అంటే సముద్రపు దొంగలే అనుకోనక్కర్లేదు. అలిపిరి, మోకాళ్ళ పర్వతం, శ్రీవారి మెట్టు, చంద్రగిరి కోట, తలకోన, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి, ఆ దారుల్లో నడిచే కథ ఒకటి సొంతంగా రాయమనండి. ఒకటే షరతు, కథలో వచ్చే జంతువూ చెట్టూ మన అడవిలో నిజంగా ఉండేవే అయి ఉండాలి. దేవాంగపిల్లి ఉంది, బంగారు బల్లి ఉంది, ఎర్రచందనం ఉంది. పలమనేరు వైపు పిలకాయలైతే కౌండిన్య అడవి ఏనుగులు ఉండనే ఉన్నాయి, వాటి గురించి వాళ్ళు మనకే పాఠం చెప్తారు. బంగారు బల్లి రాత్రి తిరుగుతుందా పగలా, రాళ్ళ సందుల్లో ఉంటుందా చెట్ల మీదా అని వెతుక్కోవాల్సి వస్తుంది. సాహస కథ రాసేవాడికి కావాల్సింది ఆ వెతుకులాటే.

పన్నెండు దాటిన వాళ్ళకి ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర పరిచయం చేయండి. మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన ఈయన 1830 మేలో పల్లకీల్లో, పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరాడు, మన తిరుపతి మీదుగానే వెళ్ళాడు. దారిలో చూసిందంతా స్నేహితుడికి రాస్తూ పోయాడు, అదే 1838లో పుస్తకమైంది. భాష పాతది, మొత్తం ఇచ్చేస్తే పారిపోతారు. తిరుపతి, తిరుమల గురించి రాసిన భాగం ఒక్కటి మీరు ముందే చదివి పెట్టుకుని, వాళ్ళతో కలిసి కూర్చుని చదవండి. తమకు తెలిసిన దారి దాదాపు రెండొందల ఏళ్ళ కింద ఎలా ఉండేదో చదివినప్పుడు, రోడ్డూ బస్సూ లేకుండా ఆ మనిషి నాగపూరు దాటి కాశీ ఎలా చేరాడన్న ప్రశ్న వాళ్ళే అడుగుతారు.

జీవిత చరిత్రలు: విగ్రహాన్ని కాదు, మనిషిని చూపించేవి ఎంచండి

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే మార్కెట్లో ఎక్కువగా ఉన్నవీ, ఎక్కువగా చెడ్డవీ ఇవే. పుస్తకం కొనే ముందు బాల్యం అధ్యాయం తెరవండి. "చిన్ననాటి నుండే అసాధారణ ప్రతిభ కనబరిచారు" అని మొదలైతే మూసేయండి. అది చదివిన పదమూడేళ్ళ పిల్లోడికి అర్థమయ్యేది తనలో ఆ ప్రతిభ లేదు కాబట్టి ఆ పుస్తకం తన కోసం కాదని. ఒక పని చెడిపోయిన రోజు గురించి, ఆ రోజు ఆ మనిషి ఏం చేశాడో వివరంగా రాసి ఉంటే మాత్రం తీసుకోండి.

అబ్దుల్ కలాం ఆత్మకథకు వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన తెలుగు, ఒక విజేత ఆత్మకథ, దీనికి చక్కగా సరిపోతుంది. మొదటి పేజీ నుంచి కాకుండా ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం దగ్గర మొదలుపెట్టండి. 1979 ఆగస్టు 10న రాకెట్ లేచింది, రెండో దశలో అదుపు తప్పింది, 317 సెకన్లలో అంతా ముగిసిపోయి సముద్రంలో పడింది. కలాం బృందం ఏళ్ళ తరబడి చేసిన పని అది. ఆ రోజు విలేఖరుల ముందు నిలబడి బాధ్యత తన మీద వేసుకున్నది అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ అని, 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం వెళ్ళి మాట్లాడమని తనను పంపాడని కలాం తర్వాత చాలా సభల్లో చెప్పుకున్నారు. క్లాసులో గ్రూప్ ప్రాజెక్టు చెడగొట్టుకుని ఒకరి మీద ఒకరు నెపం వేసుకునే వయసు వాళ్ళకి ఈ ఘట్టం ఎలా తగులుతుందో చూడండి. ఇదంతా జరిగిన శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ప్రయోగం తేదీ ప్రకటించాక ఇస్రో సైట్లో పేరు నమోదు చేసుకుంటే అక్కడి గ్యాలరీలోంచి చూడొచ్చు, సీట్లు తొందరగా అయిపోతాయి, ఐడీ కార్డులు పట్టుకెళ్ళాలి. పుస్తకం చదివాక వెళ్ళండి, ముందు కాదు.

అల్లరి పిల్లలకి టంగుటూరి ప్రకాశం నా జీవితయాత్ర. ఒంగోల్లో అమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపితే ఈయన నాటకాల్లో వేషాలేస్తూ తిరిగాడు, ఆ తిరుగుళ్ళన్నీ దాచకుండా రాసుకున్నాడు. ఆ కుర్రాడే బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ముందు బాల్యం భాగం చాలు, రాజకీయాలు ఇంటర్‌లో చదువుకుంటారు. ఎదురు ప్రశ్నలు వేసే పిల్ల ఉంటే జిడ్డు కృష్ణమూర్తి గురించి వెతకండి. 1895లో మదనపల్లెలో పుట్టిన మనిషి, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థను 1929లో తనే రద్దు చేసేశాడు. రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూల్లో చదివాడని చెప్తే సెప్టెంబరు 5 ఉపన్యాసం కూడా కాస్త చెవికెక్కుతుంది.

పద్నాలుగు దాటిన వాళ్ళకి మన రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. 'పచ్చనాకు సాక్షిగా' అనే ఆయన పుస్తకంలో ఉన్నది తిరుపతి పక్కన మిట్టూరులో గడిచిన బాల్యం, అదీ మన అవ్వలు మాట్లాడే మాటల్లో. కొన్ని చోట్ల మాట మోటుగా ఉంటుంది, మీరు ముందు చదవండి. కానీ దాచిపెట్టకండి. బడిలో "తప్పు తెలుగు" అనిపించుకున్న తమ ఇంటి మాట అచ్చులో చూసుకోవడం ఒక పల్లె పిల్లకి ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను.

అన్నమయ్యను ఆఖరికి ఉంచాను. ఆయన కథలో మూడు రకాలూ కలిసి ఉన్నాయి. మనవడు చిన్నన్న ద్విపదలో తాతగారి చరిత్ర రాశాడు. గడ్డి కోయడానికి వెళ్ళిన కుర్రాడు కొడవలితో వేలు కోసుకుని, ఏడుస్తూ, దారిన పోయే యాత్రికుల వెంట తిరుమలకి బయల్దేరడం సాహసం. చెప్పులతో కొండెక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లితే అలమేలుమంగ కనపడి అన్నం పెట్టడం అద్భుతం. గుళ్ళో దొరికిన రాగిరేకుల మీద ఈనాటికీ చదవగలిగేలా ఉన్న వేల కీర్తనలు చరిత్ర. టీనేజి పిల్లల్ని ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి, చదివినదాంట్లో ఏది ఏ గడిలో వస్తుందో రాయమనండి. భక్తిని తక్కువ చేయడానికి కాదు ఇది, జీవిత చరిత్ర ఎవరు రాశారు, ఎంత కాలానికి రాశారు, దేన్ని చూసి రాశారు అని అడగడం నేర్పడానికి. ఆ తర్వాత తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల విగ్రహాలు చూసినప్పుడు కూడా అవే ప్రశ్నలు అడుగుతారు.

చదివింది చాలు, ఇప్పుడు రాయించండి. ఇంట్లో అవ్వో తాతో ఉంటే వాళ్ళ జీవిత చరిత్ర, నాలుగు పేజీలు మించకుండా. అవ్వని "నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు" అంటే చెప్పలేదు, "పెద్ద కరువు వచ్చిన ఏడు" అంటుంది. అప్పుడు ఆధార్‌లో ఒక తేదీ, రేషన్ కార్డులో ఇంకో వయసు, పెద్దనాయన చెప్పేది వేరొకటి, మూడూ కలవవు. ఏది రాయాలో, ఎందుకు రాయాలో తేల్చుకోవాల్సింది పిల్లలే, మీరు చెప్పేయకండి.

ఎక్కడ దొరుకుతాయి

తిరుపతిలో విశాలాంధ్ర, ప్రజాశక్తి షాపుల్లో తెలుగు పుస్తకాలు బాగానే ఉంటాయి, లేనివి అడిగితే తెప్పిస్తారు. చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, మండలాల్లో శాఖలున్నాయి. మీరు కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కలిసే ఉంటుంది కాబట్టి అది మీరు డబ్బిచ్చి పెట్టుకున్న లైబ్రరీయే. కొంచెం డిపాజిట్ కట్టి పిల్లల పేరు మీదే సభ్యత్వం తీసుకోండి, కార్డు వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. పిల్లల అరలో పుస్తకాలు పాతబడి ఉంటే ఊరుకోకుండా కావాల్సిన పేర్లు రాసి లైబ్రేరియన్‌కి ఇవ్వండి, నలుగురు అడిగితే కొనే అవకాశం ఉంటుంది. స్కాన్లు ఫోన్లో చదివించొద్దు, పైన ఒక్క నోటిఫికేషన్ వస్తే రాకాసిలోయ అంతటితో సరి. మీరు ట్యాబ్‌లో చూసి పైకి చదవడానికైతే వాడుకోండి.

సగంలో వదిలేసిన పుస్తకం గురించి ఒక మాట. నలభై పేజీలు చదివాక నచ్చకపోతే వదిలేసే హక్కు పిల్లలకి ఇవ్వండి, "కొన్నాం కదా, పూర్తి చెయ్యి" అనొద్దు. వదిలేసిన పేజీ దగ్గర తేదీ వేసి, ఎందుకు నచ్చలేదో ఒక్క వాక్యం పెన్సిల్‌తో రాయించి, అరలో పెట్టండి. ఏడాది తర్వాత మళ్ళీ తీసి చూపించండి. అప్పటికీ వద్దంటే, అపార్ట్‌మెంట్లోనో వీధిలోనో నలుగురు పిల్లలున్న ఇంటికి ఆ పుస్తకం ఇచ్చి, వాళ్ళు వదిలేసినది ఒకటి తెచ్చుకోండి.